ముందు ఆ ‘ఛీ’ని వెనక్కి తీసుకోండి

ప్రశ్న: నాకు 56 ఏళ్ళు. టీచర్‌గా రిటైరయ్యాను. మా ఒక్కగానొక్క కొడుక్కి 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ‘ది అన్‌టేమ్డ్’ అనే చైనా సీరియల్ చూశాం. నాకు ఎంతో నచ్చింది. హీరోలిద్దరిదీ కృష్ణార్జునుల స్నేహం అన్నాను. “స్నేహం కాదమ్మా, అసలు నవలలో వాళ్ళు ప్రేమికులు” అన్నాడు. “ఛీ, మంచి స్నేహానికి కూడా అదే అంటగడతారా?” అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. సంబంధాలు చూస్తామంటే ఇప్పుడే వద్దంటున్నాడు. వాడు అలాంటివాడేమోనని భయంగా ఉంది. వాళ్ళ నాన్నకు చెప్పలేదు. డాక్టరుకు చూపించాలా? త్వరగా పెళ్ళి చేసేస్తే సర్దుకుంటుందా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందుగా ఆ సీరియల్ సంగతి. మీ అబ్బాయి చెప్పింది నిజం. మో షియాంగ్ టోంగ్ షియు రాసిన నవలలో వాళ్ళిద్దరూ ప్రేమికులే. 2019లో సీరియల్‌గా తీసినప్పుడు ఆ ప్రేమను పైకి కనపడకుండా తీశారు. స్వలింగ సంబంధాలు చైనాలో 1997 నుంచి నేరం కాదు. 2001లో మానసిక రోగాల జాబితాలోంచి కూడా తీసేశారు. తెర మీద చూపించడానికి మాత్రం ఒప్పుకోరు. 2016లో ‘అడిక్టెడ్’ అనే వెబ్ సీరియల్‌ను మధ్యలోనే ఆపేశారు. మరుసటి ఏడాది వచ్చిన ఆన్‌లైన్ కార్యక్రమాల నియమాల్లో స్వలింగ సంబంధాలను ‘అసహజం’ కింద చేర్చారు. అందుకే అన్‌టేమ్డ్ తీసినవాళ్ళు ముద్దూ లేకుండా, ప్రేమ అన్న మాటా లేకుండా, చూపులతో, పాటతో, ఎదురుచూపుతో కథ నడిపారు.

అందువల్ల మీకు స్నేహంగా కనపడటంలో మీ తప్పేమీ లేదు. అలా కనపడాలనే తీశారు. కానీ ఇలాంటి కథల్లో తమను తాము వెతుక్కునేవాళ్ళు కొందరుంటారు. అంత దాచినా ప్రేమ తెలుస్తోందని వాళ్ళలో కొందరు సంతోషిస్తారు. మా ప్రేమ పేరు చెప్పుకోవడానికి కూడా పనికిరాదా అని కొందరు బాధపడతారు. ఆ బాధ చిన్నదని నేననుకోను. అక్కడ సెన్సార్ చేసిన పనే ఆ రోజు మీ గదిలో మీ ‘ఛీ’ చేసింది. ఇది మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. మీ అబ్బాయి ఎందుకు లేచి వెళ్ళాడో మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఇంతమాత్రాన అతను స్వలింగ సంపర్కుడని తేల్చేయకండి. ఇలాంటి కథలను ఇష్టంగా చూసేవాళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళు, కాలేజీ అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఒక దగ్గరి స్నేహితుడి కోసం నొచ్చుకుని ఉండొచ్చు. పెళ్ళి వద్దనడానికీ వంద కారణాలుంటాయి. తన గురించే అయ్యుండొచ్చు కూడా. అది చెప్పాల్సింది అతను. అడిగి రాబట్టకండి, ఫోన్ వెతక్కండి, స్నేహితులను ఆరా తీయకండి.

డాక్టరు ఎందుకమ్మా? ఇది జబ్బు కాదు. ఇష్టాన్ని మారుస్తామని చెప్పి చేసే ‘చికిత్స’ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే ఆదేశించింది. ఎవరైనా మారుస్తామంటే ఆ గడప తొక్కకండి. చట్టం గురించి భయమైతే, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇది మన దేశంలో నేరం కాదు.

పెళ్ళి విషయంలో మాత్రం నా మాట కఠినంగానే ఉంటుంది. అనుమానానికి మందుగా పెళ్ళి చేయకండి. మీ భయం నిజమైతే, ఏ పాపం తెలియని ఒక అమ్మాయి జీవితం మీ చేతులతో పాడవుతుంది. అలాంటి భార్యల ఉత్తరాలు నాకు వస్తుంటాయి. తనలోనే ఏదో లోపం ఉందనుకుని ఏళ్ళ తరబడి కుమిలిపోయినవాళ్ళు వాళ్ళు. మీ భయం నిజం కాకపోతే తొందర అవసరమే లేదు. సంబంధాల మాట కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

ఇక మీరు చేయాల్సింది. ఫోన్‌లో కాదు, ఇంటికొచ్చినప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. “ఆ రోజు ఛీ అన్నాను, అలా అనకూడదు. చనిపోయినవాడి కోసం ఆ అబ్బాయి పదహారేళ్ళు ఎదురుచూస్తే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అది ప్రేమే అయినా నాకు వాళ్ళంటే ఇష్టమే” అనండి. నిజంగా అనిపిస్తేనే అనండి. మీరు ఆ సీరియల్ గురించి రాసిన తీరు చూస్తే అనిపిస్తుందనే నా నమ్మకం. ఆ తర్వాత “మరి నువ్వు?” అని మాత్రం అడగొద్దు. అతను ఏమీ అనకపోయినా అన్నం పెట్టి, మామూలుగా ఉండండి. వారానికో, ఏడాదికో చెప్పొచ్చు. చెప్పడానికి ఏమీ లేకపోవచ్చు కూడా.

ఒకవేళ చెబితే, ఆ క్షణంలో మీకు ఏడుపొచ్చినా ఫర్వాలేదు. “ఎవరికీ చెప్పకు” అనే మాట మాత్రం రానివ్వకండి. నాన్నగారికి ఎప్పుడు, ఎలా చెప్పాలో అతన్నే నిర్ణయించుకోనివ్వండి. ఈలోగా మీ అనుమానాన్ని ఆయన చెవిన వేయకండి. టెన్షన్‌తో మీకే నిద్ర పట్టకపోతే, కౌన్సెలర్‌ను కలవాల్సింది మీరు. మీ కోసం వెళ్ళండి, అబ్బాయిని వెంట తీసుకెళ్ళొద్దు.