ప్రింటర్ నాజిల్ మీద ప్రాజెక్టు చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. ఇంక్‌జెట్ ప్రింటర్ నాజిళ్ల (సన్నని రంధ్రాల) నుంచి ఇంకు చుక్కలు పడే తీరును కంట్రోల్ చేసే ప్రాజెక్టు తీసుకుంది. తర్వాత కూడా అదే రంగంలో ఉంటానంటోంది. అందరూ కాగితం మానేస్తుంటే ఇంకా ప్రింటర్లేమిటి? ఏఐకి మారమంటే వినడం లేదు. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. సబ్జెక్టు మారుతుంది, ఆందోళన మారదు. పిల్లలు ఎంచుకున్న పని గురించి నలుగురిలో చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటే తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. మీ భయంలో సగం ఉద్యోగం గురించే. మిగతా సగం, మా అమ్మాయి ప్రింటర్లు బాగుచేస్తుందని జనం అనుకుంటారేమోనని. అందుకే ముందు ఆమె చేస్తున్న పనేమిటో చూడండి.

పీజో రకం ప్రింట్‌హెడ్‌లో, అంటే ఇంకు చిమ్మే భాగంలో, ప్రతి నాజిల్ వెనకా ఇంకు నిండిన సన్నని గది, దానికి ఆనుకుని వోల్టేజ్ ఇస్తే ఆకారం మారే పదార్థం (పీజో) ఉంటాయి. వోల్టేజ్ మారగానే ఇంకులో పీడన తరంగం పుట్టి, గది చివరిదాకా వెళ్లి తిరిగొస్తుంది. సరిగ్గా ఆ సమయానికి వోల్టేజ్ దించితే ఇంకో తరంగం పుడుతుంది, రెండూ కలిసి చుక్క బలంగా బయటికొస్తుంది. కొన్ని మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతులు) అటూ ఇటూ అయితే ఆ బలం తగ్గిపోతుంది. వోల్టేజ్ ఎంత వేగంగా పెంచాలి, ఎంతసేపు నిలపాలి, ఎలా దించాలి అన్నదాన్నే వేవ్‌ఫామ్ అంటారు. ఇంకు మారినా, దాని వేడి మారినా ఇది మళ్లీ ట్యూన్ చేయాల్సిందే. చుక్క వెళ్లాక కూడా గదిలో అలలు కాసేపు మిగిలే ఉంటాయి. ఒక్కో నాజిల్ సెకనుకు 20 వేల చుక్కలు వేసే హెడ్‌లో తర్వాతి చుక్కకు ఉన్న వ్యవధి 50 మైక్రోసెకన్లే. ఆలోగా ఆ అలల్ని అణచకపోతే తర్వాతి చుక్క వేగం, పరిమాణం రెండూ మారిపోతాయి.

మారితే ఏమవుతుందంటారా? హెడ్ కాగితానికి ఒక మిల్లీమీటరు ఎత్తులో, సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతోందనుకోండి. ఒక చుక్క సెకనుకు 5 మీటర్లు, పక్కది 6 మీటర్ల వేగంతో దిగితే అవి పడేచోట సుమారు 33 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) తేడా వస్తుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) ప్రింటులో చుక్కకూ చుక్కకూ మధ్య దూరమే 42 మైక్రాన్లు. అంటే గీత గీతలా ఉండదు. ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ మూడూ ఒకేచోట అవసరమయ్యే పని ఇది. దీన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చలేదు, ఆ మాట మీతోనే చెబుతున్నాను.

కాగితం సంగతంటారా, ఇంక్‌జెట్ ఎప్పుడో కాగితం దాటింది. బట్టల మీద డిజైన్లు, సెరామిక్ టైల్స్ మీద అలంకరణ, ప్యాకింగ్, సర్క్యూట్లకు వెండి ఇంకు, పొడి మీద జిగురు చుక్కలు వేసి వస్తువులు తయారుచేసే 3డి ప్రింటింగ్ – అన్నింటిలోనూ ఇదే సూత్రం.

ఇక ఏఐ. దాని మీద నాకు ద్వేషం లేదు, సందేహాలున్నాయి. ఏఐ పేరుతో నడిచే చాలా కోర్సుల్లో పిల్లలు నేర్చుకునేది ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టను (లైబ్రరీని) పిలిచి వాడుకోవడం, ఎవరో శుభ్రం చేసిన డేటాను అందులో పోయడం. గణితం లోతుగా చదవరు. డేటా ఎక్కడి నుంచి వచ్చిందో అడగరు. సర్టిఫికెట్ చేతికొచ్చాక చూస్తే అదే సర్టిఫికెట్‌తో క్లాసు మొత్తం క్యూలో ఉంటుంది. ఆ ఉద్యోగాల్లో తేలికైన భాగాన్ని ఆ టూల్సే చేసేస్తున్నాయి. స్టాటిస్టిక్స్ అంటే నిజంగా ఇష్టపడి వెళ్లే పిల్లల్ని నేను ఆపను. తండ్రి పోరు పడలేక వెళ్లే పిల్లల గురించే నా దిగులు. రెండేళ్ల తర్వాత వాళ్లలో కొందరు నా దగ్గరికే వస్తారు, అప్పుడు తండ్రులు పక్కన మౌనంగా కూర్చుంటారు. దయచేసి ఆ పోరు ఆపండి.

పైగా ఈ రెండూ మీరనుకున్నంత దూరంగా లేవు. చుక్క వెళ్లాక మిగిలే అలలు అదే పీజోలో చిన్న వోల్టేజ్ పుట్టిస్తాయి. దాన్ని చదివితే నాజిల్‌లోకి గాలిబుడగ చేరిందో లేదో తెలుస్తుంది. ఆ సిగ్నళ్లను వర్గీకరించడానికి ఏఐలో భాగమైన మెషీన్ లెర్నింగ్ చక్కగా పనికొస్తుంది. కానీ ఏ సిగ్నల్ నమ్మదగిందో చెప్పాలంటే నాజిల్ లోపల జరిగేది తెలిసిన మనిషి కావాలి.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. ప్రింట్‌హెడ్ కంపెనీలు తక్కువ, ఖాళీలూ సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువే. వేవ్‌ఫామ్ రహస్యాలను కంపెనీలు బయటపెట్టవు కాబట్టి సొంతంగా నేర్చుకోవడం కష్టం. ఉద్యోగం కోసం ఊరు మారాల్సి రావచ్చు. అయితే మైక్రోసెకన్ల లెక్కన హార్డ్‌వేర్‌ను నడపడం వచ్చిన అమ్మాయి ప్రింటర్ల దగ్గరే ఆగిపోనక్కర్లేదు. మోటార్ డ్రైవ్‌లు, వైద్య పరికరాలు, అల్ట్రాసౌండ్, ఫ్యాక్టరీ ఆటోమేషన్ – అందరికీ ఆ నైపుణ్యం కావాలి. కాబట్టి ఆమె దారి మూసుకుపోతుందని భయపడకండి.

ఆమెను ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనకు కావాల్సినట్టు మార్చుకోగల చిప్) ప్రోగ్రామింగ్, కంట్రోల్ సిస్టమ్స్, కాస్త ఫ్లూయిడ్ మెకానిక్స్ చదవమనండి. మెషీన్ లెర్నింగ్‌లో ఒక్క మంచి పేపరు తీసుకున్నా నష్టం లేదు. చుక్క ఎగురుతుండగా స్ట్రోబ్ లైటుతో ఫొటో తీసే ఏర్పాటు కాలేజీలో ఉందో లేదో కనుక్కోమనండి. లేకపోతే అది ఉన్న ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి ఇప్పటి నుంచే దరఖాస్తులు పెట్టమనండి. ఈ వారంలో ఒకరోజు మీరూ ఆమె పక్కన కూర్చుని, వోల్టేజ్ మార్పును తెర మీద గీతగా చూపే ఓసిలోస్కోప్‌లో ఆ వేవ్‌ఫామ్ చూపించమని అడగండి.