ఫైర్ స్టేషన్ వాళ్లు దారికి గేటు పెట్టారు, కోర్టుకు వెళ్తే స్టే వస్తుందా?

ప్రశ్న: మాది గోదావరి జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం. మా కాలనీ పక్కనే ఫైర్ స్టేషన్. 1997లో ఇళ్లు కట్టుకున్నప్పటి నుంచి, దాదాపు 28 ఏళ్లు, స్టేషన్ ఆవరణలోంచే మెయిన్ రోడ్డు మీదకు వెళ్లాం. పధ్నాలుగు నెలల కిందట కొత్తగా వచ్చిన ఆఫీసర్ 'ప్రమాదం' అంటూ గేటు పెట్టి తాళం వేశారు. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉత్తరం రోడ్డు షెడ్లతో, పళ్ల బళ్లతో నిండిపోయి ఆటో లోపలికి రాదు, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తున్నాం. 20 ఏళ్లు నడిస్తే దారి హక్కు వస్తుందట కదా? మా అసోసియేషన్ 2011లో, 2016లో స్టేషన్‌కు లెటర్లు కూడా ఇచ్చింది. కాపీలు, నా దస్తావేజు ఫొటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీకు బలం అనుకుని పంపిన ఆ లెటర్లే మీ కేసును పడగొడుతున్నాయి. 2011 లెటర్ ఒకసారి మళ్లీ చదవండి. "మా వాహనములు మీ ఆవరణ గుండా వెళ్లుటకు దయతో అనుమతించ ప్రార్థన" అని ఉంది, కింద ప్రెసిడెంట్ సంతకం, అసోసియేషన్ రబ్బరు స్టాంపు, పక్కన లెటర్ అందినట్టు స్టేషన్ వాళ్లు వేసిన ఇన్‌వర్డ్ నంబరు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (ఇతరుల స్థలం మీద దారి లాంటి వాడుక హక్కుల చట్టం) సెక్షన్ 15 కింద దారి హక్కు రావాలంటే ఆ దారిలో హక్కుగా, బహిరంగంగా, తగాదా లేకుండా, మధ్యలో ఆగకుండా నడిచి ఉండాలి. ఒకరి స్థలంలో వాళ్లను అడిగి నడిస్తే అది అనుమతి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఎన్నేళ్లు నడిచినా అది హక్కుగా మారదు.

లెటర్లు లేవనే అనుకుందాం, అప్పుడైనా మీరు విన్న 20 ఏళ్ల లెక్క ప్రైవేటు స్థలానికే. ప్రభుత్వ స్థలం మీద అయితే 30 ఏళ్లు కావాలి, మీకు 28 ఉన్నాయి. ఇంకో రెండేళ్లు ఆగితే 30 నిండుతాయి కదా అని కూడా అనుకోవద్దు. గేటు పడి నడక ఆగిందని తెలిసి కూడా ఏడాది పాటు ఊరుకుంటే ఆ లెక్క అక్కడికే తెగిపోతుంది. మీకు పధ్నాలుగు నెలలైంది. ఈ పధ్నాలుగు నెలల్లో కాలనీలో ఒక్కరంటే ఒక్కరు అభ్యంతరం చెబుతూ ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపలేదు! గేటు దగ్గర గట్టిగా అరిచాం అని రాశారు, ఆ అరుపుకి కోర్టులో రుజువు ఏం చూపిస్తారు? హక్కు ఉందని నమ్మినవాళ్లు ఇంత నిర్లక్ష్యంగా ఉండకూడదు.

'వేరే దారి లేదు' అనే వాదన కూడా నిలవదు. మీ దస్తావేజులో పడమర హద్దు 'అగ్నిమాపక శాఖ వారి స్థలం', ఉత్తరం హద్దు '20 అడుగుల రోడ్డు' అని స్పష్టంగా రాసి ఉంది. ఇరుకైనా సరే దారి ఉంటే అవసరం మీద వచ్చే దారి హక్కు రాదు.

ఆ ఆఫీసర్ కక్ష కట్టారని రాశారు. నాకు అలా అనిపించలేదు. మీ ఉత్తరంలోనే ఉంది, ఒక సాయంత్రం స్కూలు ఆటో, కాల్ మీద బయల్దేరిన ఫైరింజను ఎదురెదురుగా వచ్చి ఇంజను ఆగిపోయిందని. దాని వెడల్పే ఎనిమిదడుగుల దాకా ఉంటుంది, నీళ్లు నింపుకుని ఉంటే బ్రేకు వేసిన చోట ఆగదు. డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు, బంపరు ముందుకు చిన్న సైకిలు మీద వచ్చిన పిల్లాడు అతనికి కనిపించనే కనిపించడు. ఇంజన్లు బయటకు వచ్చే షట్టర్ల ముందు నుంచి మీ పిల్లలు ట్యూషన్‌కు వెళ్లేవాళ్లని చదివితే నాకే గుండె దడ వచ్చింది. స్టే పిటిషన్ విచారణలో ప్రభుత్వ లాయరు చేసేది ఒక్కటే, స్టేషన్ రిజిస్టరు తెరిచి ఆ రోజు కాల్ ఎన్నింటికి వచ్చింది, బండి ఎన్నింటికి రోడ్డెక్కింది అని చదువుతాడు. ఆ తర్వాత ఏ జడ్జీ ఆ గేటు తీయమనడు.

ఇక మీ దస్తావేజు రైటరు ఇచ్చిన సలహా. దావాలో '30 ఏళ్ల పైగా' అని రాసి, లెటర్ల సంగతి ఎత్తకుండా ముందు స్టే తెచ్చుకుందాం అన్నాడట. ఆ పని చేయొద్దు! దావాకు మీరు ప్రమాణపత్రం జతచేయాలి, అందులో అబద్ధం ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది మీరు, రైటరు కాదు. లేఅవుట్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదులు, ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రం), అన్నీ 1997నే చూపిస్తాయి. లెటర్ల ఒరిజినల్స్ అవతలివాళ్ల ఫైల్లోనే ఉన్నాయి. నిజం దాచి స్టే తెచ్చుకున్నారని తేలితే ఆ స్టే పోతుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా కోర్టు నమ్మదు. కుర్రాళ్లు తాళం పగలగొడతామంటున్నారు కదా, వాళ్లను ఇవాళే ఆపండి. 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల నష్ట నివారణ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

మీ అసలు తగాదా ఉత్తరం రోడ్డుతో. కాగితం మీద 20 అడుగులు, నేల మీద ఆటో పట్టనంత. ముందు సమాచార హక్కు కింద మున్సిపాలిటీని అప్రూవ్డ్ లేఅవుట్ ప్లాను, టౌన్ సర్వే స్కెచ్ సర్టిఫైడ్ కాపీలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. స్కెచ్‌లో మీరు నడిచిన స్టేషన్ దారి మున్సిపల్ రోడ్డుగా కనిపిస్తే నేను పైన రాసిన జవాబు చాలావరకు మారుతుంది, వెంటనే నాకు రాయండి. లేకపోతే ఉత్తరం రోడ్డు ఆక్రమణల మీద కమిషనర్‌కు ఫొటోలతో, కొలతలతో ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కదలకపోతే, దారికి అడ్డంకులు తీయించమని ఆర్డీఓ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 152 కింద పిటిషన్ వేయొచ్చు, ఇది పాత సీఆర్‌పీసీ 133. ఇదే సెక్షన్ మీద 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో, మురుగు విషయంలో, డబ్బుల్లేవన్న మున్సిపాలిటీ మాటను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అప్పటికీ పని జరగకపోతే, అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని హైకోర్టులో రిట్ వేయాలి, ఆ రిట్‌కు మీరు దాచుకున్న పోస్టల్ రసీదులే ప్రాణం.

ఈలోగా అమ్మగారి సంగతి. డయాలసిస్ ఏ రోజుల్లో, ఏ టైముకో రాసి, హాస్పిటల్ కార్డు జతచేసి, ఆ మూడు రోజులు ఆమె ఆటో ఒక్కదానికే సిబ్బంది దగ్గరుండి గేటు తీసేలా అనుమతి ఇవ్వమని జిల్లా ఫైర్ ఆఫీసర్‌ను అడగండి. అయితే ఈసారి 'మా చట్టబద్ధ హక్కులకు భంగం కలగకుండా' అన్న ముక్క లెటర్ మొదట్లోనే రాయండి, సంతకం పెట్టేముందు నాకొక కాపీ పంపండి.