పాత టర్బో బండిని రోజూ నడపాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

చెన్నైలో ఒక 2015 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ చూశావనీ, ధర నీకు అందే స్థాయిలోనే ఉందనీ, ఒంగోలు నుంచి చీమకుర్తి ఫ్యాక్టరీకి రోజూ దానిలోనే వెళ్ళి రావాలని ఉందనీ వ్రాశావు. వద్దని చెప్పే ఉద్దేశం నాకు లేదు. చురుకైన బండి నడపడంలోని సంతోషం తెలిసినవాడినే, ఇప్పటికీ నా రోజువారీ పనులన్నీ అలాంటి పాత టర్బో (ఇంజనులోకి గాలిని బలంగా నెట్టి శక్తి పెంచే పరికరం) ఉన్న బండిలోనే చేసుకుంటున్నాను. అయితే కొనే ముందు నీవు ఆలోచించుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ధర సంగతి. కొత్తగా ఉన్నప్పుడు దాదాపు పది లక్షలు పలికిన బండి ఈరోజు అందులో సగానికి దొరుకుతోందంటే, తగ్గింది బండి వెల మాత్రమే. దాని టర్బో, క్లచ్ ప్లేట్లు, ఇంజెక్టర్లు, సెన్సర్లు ఇవాళ కూడా పది లక్షల బండి సామాన్ల ధరకే వస్తాయి, కొన్ని ఇంకా పెరిగాయి కూడా. ఒంగోలు గిత్తను ఎంత చవకగా కొన్నా దాని దాణా ఖర్చు చవక కాదు. కాబట్టి నీ దగ్గర ఆరు లక్షలు ఉంటే నాలుగున్నరకు మించి బండి మీద పెట్టవద్దు. మిగిలిన లక్షన్నర మొదటి ఏడాది మరమ్మతులకని విడిగా ఉంచు. ఆ డబ్బు ఖర్చు కాకపోతే మంచిదే, కానీ అది లేకుండా బండి కొన్నవాళ్ళు ఏడాది తిరగకముందే నష్టానికి అమ్ముకోవడం చాలాసార్లు చూశాను.

ఏ బండి అనే విషయానికి వస్తే, మాజ్దా ఎమ్‌ఎక్స్-5 వంటి రెండు సీట్ల తేలికపాటి స్పోర్ట్స్ కార్లను మన దేశంలో కంపెనీవాళ్ళు అమ్మనే లేదు కనుక, మన జేబుకు అందే స్పోర్ట్స్ కారు అంటే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో పెద్ద గుండె పెట్టినదే. నీవు చూసిన జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చింది. 1.2 లీటర్ల ఇంజను, 105 హార్స్‌పవర్, దానికి తోడు రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్సు. నడుపుతుంటే ఎంత హాయిగా ఉంటుందో, పాడైతే అంత ఏడిపించేది ఆ గేర్‌బాక్సే. దానిలోని రెండు క్లచ్‌లూ పొడి క్లచ్‌లు, అంటే వాటిని చల్లబరిచే ఆయిల్ ఉండదు. కర్నూలు రోడ్డు మీద గ్రానైట్ దిమ్మెలతో వెళ్ళే లారీ వెనుక అంగుళం అంగుళం కదులుతున్నప్పుడు, పైకి నీకు ఆటోమేటిక్‌లా తోచినా, లోపల క్లచ్ సగం పట్టి సగం వదిలి అరుగుతూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది. గేర్లను నడిపించే మెకాట్రానిక్ యూనిట్ పోతే ఖర్చు లక్ష దాటవచ్చు. నీ దారికి ఆ గేర్‌బాక్సు తగదన్నది నా అభిప్రాయం.

దానికి బదులు మాన్యువల్ గేర్లు ఉన్నవి రెండు చూడు. పోలోలోనే 2020 నుంచి 2022లో ఆ మోడల్ ఆగిపోయేవరకు వచ్చిన 1.0 టీఎస్‌ఐ ఇంజనుకు 110 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ ఉన్నాయి. ఆ ఇంజను కుటుంబమే ఇప్పటి ఫోక్స్‌వాగన్ టైగన్, వర్టస్, స్కోడా కుషాక్, స్లావియాలలో నడుస్తోంది కనుక సామాన్లకు కరువు రాదు. జీటీ అనే అక్షరాలు మాత్రం ఆ ఏళ్ళలో ఆటోమేటిక్ మీదనే ఉండేవి, మాన్యువల్ కావాలంటే ఆ పేరు వదులుకోవాలి. ధర కొంచెం ఎక్కువే, కాబట్టి నీ లెక్కలో ఇమడకపోతే ఒత్తిడి చేసుకోవద్దు. రెండవది 2017లో మారుతి తెచ్చి 2020లో ఆపేసిన బాలెనో ఆర్‌ఎస్. నూటరెండు హార్స్‌పవర్ బూస్టర్‌జెట్ టర్బో ఇంజను, అయిదు గేర్ల మాన్యువల్. బూస్టర్‌జెట్ కుటుంబం ఇంజను మారుతి ఫ్రాంక్స్‌లో మళ్ళీ వచ్చింది, బాడీ సామాన్లు మామూలు బాలెనోవి చాలావరకు సరిపోతాయి. చూసేవాళ్ళకు ఇది మామూలు బండిలాగే కనిపిస్తుంది, నాకు అదే దాని గొప్ప గుణంగా తోస్తుంది. 2015లో వచ్చిన ఫియట్ వారి అబార్త్ పుంటోకు 145 హార్స్‌పవర్ ఉంది, మనసు దోచేస్తుంది. కానీ ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం మానేసింది, ఒక చిన్న సామాను కోసం వారాలు ఎదురుచూడవలసి వస్తుంది. ఇంట్లో ఇంకొక కారు ఉన్నవాడికి తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

ఇక బండిని పరీక్షించే విషయంలో నీవు తొందరపడకూడదు. చెన్నై బండి అన్నావు కనుక మొదటి అనుమానం నీళ్ళ మీదనే పెట్టుకో. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ ఆ నగరంలో మునిగిన బండ్లకు లెక్కే లేదు. 2021 నవంబరులో పెన్నా వరద మన నెల్లూరును, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాయి. ఆ బండ్లు కడిగి, ఆరబెట్టి, పాలిష్ పట్టి, వేరే ఊళ్ళలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు, అడుగు భాగంలో బురద గీత ఉంటే అక్కడితో మాటలు ఆపేయి. ముందు సీట్ల కింద పట్టాల తుప్పు, స్టెప్నీ పెట్టే గుంటలో మట్టి, కార్పెట్ ఎత్తితే ముక్క వాసన, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చని పొడి, ఇవన్నీ దాచలేని ఆనవాళ్ళు. కొత్తగా అత్తరు కొట్టిన బండిని ఇంకా ఎక్కువగా అనుమానించు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలని ముందే చెప్పు. నీవు వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే యజమాని ఏదో దాస్తున్నాడని అనుకోవలసిందే. చల్లని ఇంజను స్టార్ట్ చేయగానే గొలుసు కొట్టుకున్నట్టు చప్పుడు వస్తుందా, కాసేపు ఐడ్లింగులో ఉంచి ఒక్కసారి తొక్కితే నీలి పొగ వస్తుందా, ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడలాంటి పదార్థం ఉందా అన్నవి గమనించు. నీలి పొగ టర్బో సీళ్ళ నుంచి గాని పిస్టన్ రింగుల నుంచి గాని రావచ్చు, రెంటిలో ఏదైనా ఖర్చే. నీకు ఇంకా ఆ డీఎస్‌జీ మీదనే మనసు ఉంటే, చిన్న ఎత్తు మీద మెల్లగా ఎక్కించి వణుకు వస్తుందేమో చూడు, రెండవ గేరు పడేటప్పుడు కుదుపును గమనించు. ఆన్‌లైన్‌లో దొరికే చవక స్కానరు ఇంజను తప్పులే చదువుతుంది, గేర్‌బాక్సును చదవదు. ఫోక్స్‌వాగన్ బండ్లకు సరిపడే స్కానరు ఉన్న మెకానిక్‌ను తోడు తీసుకువెళ్ళి, క్లచ్ ఎంత అరిగిందో కూడా అందులో చూపించమను.

మీటరు తిరిగిన కిలోమీటర్లను నమ్మవద్దు. సర్వీసు పుస్తకం, అధికారిక సర్వీసు కేంద్రంలో ఛాసిస్ నంబరు మీద ఉన్న రికార్డు, పెడల్ రబ్బర్ల అరుగుదల మూడూ ఒకే కథ చెప్పాలి. టైరు మీద అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడవ వారం. పైన గాడులు బాగానే ఉన్నా ఆరేడేళ్ళ టైరును మన రోహిణీకార్తె ఎండలో హైవే మీద నడపడం ప్రమాదం.

కాగితాల సంగతి కొంత విసుగు పుట్టించేదే కానీ ఇందులో అజాగ్రత్త పనికిరాదు. చెన్నై బండి అయితే అక్కడి ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అమ్మేవారి సంతకంతో ఫారం 29, నీవు కూడా సంతకం చేసే ఫారం 30, అప్పు తీరిన బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 కావాలి. బండి 12 నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవలసిందే, దానితో లైఫ్ ట్యాక్స్ కూడా ఇక్కడ కట్టాలి, తమిళనాడులో కట్టినది వెనక్కి రాబట్టుకోవడం వేరే తంతు. ఈ లెక్కలన్నీ కలిపితే చెన్నైలో అర లక్ష తక్కువకు దొరికిన బండి ఏపీ నంబరు బండి కంటే ఖరీదుగా తేలవచ్చు. బీమాను 14 రోజులలో నీ పేరు మీదికి మార్పించుకో. అమ్మేవాడికి క్లెయిమ్ చేయనందుకు దక్కిన బీమా రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, అతనితోనే పోతుంది, ఆ తేడా నీవు కట్టాలి. పాత చలానాలు ఏమైనా మిగిలి ఉన్నాయేమో డబ్బు చేతులు మారక ముందే ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులో చూసుకో.

బండి ఇంటికి వచ్చిన తరువాత మొదటి పని, అమ్మినవాడు ఏమి చెప్పినా వినకుండా, ఆయిళ్ళన్నీ, ఫిల్టర్లన్నీ, కూలెంటు, బ్రేక్ ఆయిలు, ప్లగ్గులు మార్పించడం. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజను అయితే దాని వయసు తెలియనప్పుడు పాతదనే లెక్క కట్టి మార్చు. ఇంజనాయిలు కంపెనీ చెప్పిన ప్రమాణానికి సరిపోయే ఫుల్లీ సింథటిక్ అయి ఉండాలి. 15,000 కిలోమీటర్ల దాకా ఆగవచ్చని ఎవరైనా చెప్పినా 10,000కో ఏడాదికో, ఏది ముందు వస్తే దానికి మార్చు. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వస్తువు, దాని ఇరుసును కాపాడేది ఆ ఆయిలు పొర ఒక్కటే. అందుకే ఉదయం ఇంజను వేడెక్కేవరకు గట్టిగా తొక్కవద్దు, హైవే మీద వేగంగా వచ్చి టంగుటూరు టోల్‌గేటు దాటి టీ కొట్టు దగ్గర ఆపితే వెంటనే తాళం తీయకుండా ఒక నిమిషం ఐడ్లింగులో ఉంచు. కూలెంటు విషయంలో మన ఊళ్ళలో చేసే చెడ్డ పని ఒకటుంది. మట్టం తగ్గగానే బోరు నీళ్ళు పోస్తారు. మన జిల్లాల బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ, అవి రేడియేటరులో గారగా పేరుకుపోతాయి. కంపెనీ చెప్పిన రంగు కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి మాత్రమే పోయించు.

నీ దారికి ప్రత్యేకమైన సమస్య గ్రానైట్ పొడి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కోత, పాలిష్ దగ్గర లేచే ఆ దుమ్ము మామూలు మట్టి దుమ్ము కంటే గరుకైనది. టర్బో గాలిని బలంగా లాగుతుంది కనుక ఫిల్టరు పెట్టె మూత సరిగా బిగియకపోయినా, గొట్టం ఎక్కడ చిట్లినా ఆ పొడి నేరుగా టర్బో రెక్కలను అరగదీస్తుంది. ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువులో సగానికే మార్చు. కంప్రెసరు గాలితో దులిపి మళ్ళీ పెట్టే షెడ్డు అలవాటును నీ బండి దగ్గర సాగనివ్వవద్దు, కాగితం చిరిగినా కంటికి కనిపించదు. ఫ్యాక్టరీలో బండిని కోత షెడ్డుకు గాలి వీచే వైపు కాకుండా ఆఫీసు గోడ పక్కన నిలుపు.

పెద్ద లారీల బరువుకు గుంటలు పడ్డ ఆ రోడ్డు మీద చక్రాలను పెద్దవి చేయించాలనే ఆలోచన మానుకో. కంపెనీ ఇచ్చిన సైజు చాలు. 17 అంగుళాల అల్లాయ్‌ల మీద పలుచని టైరు వేస్తే మొదటి గుంటలోనే రిమ్ము వంగుతుంది, మీ అమ్మ వెనుక సీట్లో కూర్చుని రెండోసారి నీతో రాదు. స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లకు మించకూడదని నిబంధన ఉన్నా, మన పల్లెల్లో ఊరివాళ్ళు కట్టుకున్నవి ఏ నిబంధనకూ లొంగవు. అక్కడ బాగా నెమ్మదించి, దారి ఖాళీగా ఉంటే కొంచెం ఏటవాలుగా ఎక్కించు. సస్పెన్షనులోని లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్‌లు ఏటా చూపించు. అవి మన రోడ్లకు అరిగే సరుకే, అరిగాయని బాధపడనక్కరలేదు.

ఇంజనుకు రీమ్యాప్, అంటే శక్తి పెంచడానికి దాని కంప్యూటరులోని అమరికలు మార్చడం, చేయించుకోమని నీ స్నేహితులు తప్పక చెబుతారు. ఆ డీఎస్‌జీ గేర్‌బాక్సు 250 న్యూటన్ మీటర్ల టార్కుకు (తిప్పే బలానికి) రూపొందించినది, బండి ఇచ్చేది 175. రీమ్యాప్ ఆ మధ్యనున్న జాగానంతా తినేస్తుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు, చెప్పకుండా చేయించిన మార్పు ప్రమాదం తరువాత బీమా క్లెయిమ్‌కు అడ్డం తగులుతుంది. పెట్రోలు విషయంలో ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో రబ్బరు గొట్టాలను ఏడాదికొకసారి చూపించడం, బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకపోవడం మంచిది. మైలేజీ కొంత తగ్గుతుంది, ఆక్టేన్ మాత్రం తగ్గదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలాంటి బండి ఏడాదిలో కొన్ని రోజులు షెడ్డులో ఉంటుంది. సామాను చెన్నై నుంచో హైదరాబాదు నుంచో ఆర్టీసీ కార్గోలో రావాలి. కాబట్టి మీ నాన్న స్కూటరును అమ్మవద్దు.

వచ్చే ఆదివారం నేను పని మీద ఒంగోలు వస్తున్నాను. చెన్నై బండికి అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఆపి ఉంచు. కావలిలో మాన్యువల్ గేర్ల బాలెనో ఆర్‌ఎస్ ఒకటి అమ్మకానికి ఉందని నాకు కబురు వచ్చింది, ఏపీ నంబరే, మొదటి యజమాని దగ్గరే ఉంది. నీవు శనివారం సాయంత్రానికి కావలి చేరుకుంటే ఆదివారం ఉదయాన్నే ఇద్దరం కలిసి చూద్దాం. మనం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని ఆయనకు నేను చెప్పి ఉంచుతాను. ఒక టార్చిలైటు, సన్నని చేతిగుడ్డ తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య