కోడలి కళ్ల మీద మాట

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అబ్బాయి హైదరాబాద్‌లో తనతో పనిచేసే మణిపూర్ (ఇంఫాల్) అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. మొన్న శ్రీమంతంలో మా పెద్ద ఆడబిడ్డ గాజులు తొడుగుతూ ‘పుట్టే బిడ్డకు తల్లి చిన్నకళ్లు రాకుంటే చాలు’ అంది. అందరం నవ్వాం. అప్పటినుంచి కోడలు నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఉన్న కళ్లను ఉన్నట్టు చెబితే తప్పా?

జవాబు: అమ్మా, ఉన్నట్టు చెప్పడం తప్పు కాదు. తప్పిపోయిన మనిషి ఆనవాళ్లు పోలీసులకు చెప్పాలంటే కళ్ల తీరు కూడా చెప్పాల్సిందే. కానీ ‘రాకుంటే చాలు’ అన్నారు చూడండి, అక్కడే ఉంది బాధంతా. కడుపుతో ఉన్న పిల్లను పీట మీద కూర్చోబెట్టి, నీ పోలిక నీ బిడ్డకు రాకూడదని దీవించారు. అందరూ నవ్వేసరికి ఆ ఇంట్లో ఆమె తరఫున ఒక్కరూ లేకపోయారు. మీ ఆడబిడ్డ మాటకన్నా మీ నవ్వే ఆమెను ఎక్కువ గుచ్చి ఉంటుంది.

చారడేసి కళ్లే అందమని మనం పాటల్లో, పెళ్లిచూపుల్లో వింటూ పెరిగాం. కొందరికి పైరెప్ప చర్మం ముక్కు వైపు కంటి మూలను కప్పుతూ మడత పడుతుంది, అందుకే కన్ను సన్నగా కనిపిస్తుంది. చూపుకు దానివల్ల లోటేమీ లేదు. మన ఇళ్లలో పుట్టే పసిపిల్లల్లోనూ ఆ మడత కొన్నాళ్లు కనిపించి, ముక్కు దూలం ఎదిగేకొద్దీ పోవడం మామూలే.

ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు ఈ మాట కొత్త కాదు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా, ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లో తన రూపాన్ని వెక్కిరించినవారితో గొడవపడి, దెబ్బలు తిని ప్రాణం పోగొట్టుకున్నాడు. 2020లో ముఖం చూసి ‘కరోనా’ అని పిలిచారు. అలాంటివి ఆపాలని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. బయట ఎన్ని మాటలు పడిందో మీకు తెలియదు. అత్తవారింట్లోనూ అదే వినాల్సి వస్తే ఇక ఎక్కడికి పోతుంది?

‘సరదాకి అన్నారులే’ అని మాత్రం అనకండి. అబ్బాయిని మధ్యవర్తిగా పంపకండి. మీరే పక్కన కూర్చుని, ‘నేను నవ్వడం తప్పు’ అని చెప్పండి. ఆమె వెంటనే మామూలుగా మాట్లాడకపోతే ఓపిక పట్టండి. ఆడబిడ్డతో కూడా మాట్లాడండి. పెద్దరికానికి మొహమాటపడితే పురిటి మంచం దగ్గర మళ్లీ అదే మాట వస్తుంది. తొట్టెల వేసే రోజు బిడ్డది ఎవరి పోలిక అని అందరూ అడుగుతారు. తల్లి పోలికే వస్తే, ఆ మాట అందరికంటే ముందు మీరే, అందరికీ వినపడేలా, సంతోషంగా చెప్పండి.