పాఠకుల ప్రశ్నలు: ప్లాంట్ మోత, చేలో పైపులైను

ప్రశ్న: మా ఊరి పక్కన గ్యాస్ పవర్ ప్లాంట్ ఉందండి. ఏళ్లుగా మూతపడి ఉండి ఈ మధ్య మళ్లీ స్టార్ట్ చేశారంట, అర్ధరాత్రి ఒక్కసారిగా బుస్సుమని మోత, తెల్లటి పొగ, పిల్లలు ఏడుపు. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలినప్పటి నుంచి మాకు చిన్న శబ్దమైనా గుండె దడే. గేటు దగ్గర అడిగితే మాకేం తెలీదంటున్నారు. ఎవర్ని అడగాలి?
- ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది ఆవిరి మోత అయ్యుంటుందమ్మా. ఈ ప్లాంట్లలో గ్యాస్ టర్బైన్ వదిలే వేడితోనే నీళ్లు కాచి ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పుతారు, స్టార్టింగ్‌లో ఆవిరి సరైన వేడికి వచ్చేదాకా పైకి వదిలేస్తారు, ప్రెషర్ ఎక్కువైనా సేఫ్టీ వాల్వ్ లేస్తుంది. సముద్రంలోని కేజీ-డీ6 బావుల నుంచి వచ్చే గ్యాస్ పడిపోయాక మన వైపు ప్లాంట్లు చాలావరకు ఆగిపోయాయి కదా, జనం ఆ సౌండే మర్చిపోయారు.

కానీ చెప్పకపోవడం మాత్రం తప్పే. ఏ ప్లాంట్ ఎంత కరెంటివ్వాలో లోడ్ డిస్పాచ్ సెంటర్ మామూలుగా ముందురోజే షెడ్యూల్ ఇస్తుంది, అంటే వాళ్లకి ముందే తెలుసు, సాయంత్రం ఒక మైకు ఆటో తిప్పితే ఏం పోయిందట?

మీరు గేటు దగ్గర కాదు, పంచాయతీలో అడగండి. పర్యావరణ అనుమతి కాపీ కంపెనీ పంచాయతీకి ఇవ్వాలి, షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబర్ 1కీ, రిపోర్టు పెట్టాలి. ప్రైవేటు కంపెనీ కాబట్టి ఆర్టీఐ నేరుగా వర్తించకపోవచ్చు, కాలుష్య నియంత్రణ మండలికి పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం లిమిట్ 45 డెసిబెల్స్, కొలిపించమని కూడా అందులోనే రాయండి.

ఒక్కటి మాత్రం వేరు. గ్యాస్ లైను వెళ్లే చోట బోదె (పొలాల మధ్య చిన్న కాలువ) నీళ్లలో ఊరికే బుడగలొస్తున్నా, గడ్డి ఒక్క చారే ఎండిపోయినా అది ఆవిరి సంగతి కాదు. పెద్ద లైన్లలో గ్యాస్‌కి వాసన కూడా ఉండకపోవచ్చు. బండి స్టార్ట్ చేయకుండా, స్విచ్ వేయకుండా దూరంగా నడిచెళ్లి 112కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా చేలోంచి గ్యాస్ పైపులైను వెళ్తుందని సర్వేవాళ్లు కర్రలు పాతి వెళ్లారు, కాగితం ఇవ్వలేదు. భూమి పోయినట్టేనా?
- ఒక రైతు, పశ్చిమ గోదావరి

జవాబు: పోదండి, పట్టా మీదే. 1962 పైపులైన్ల చట్టం కింద వాళ్లు తీసుకునేది వాడుకునే హక్కు మాత్రమే. గెజిట్ నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఆ చట్టం కింద నియమించిన అధికారికి, అభ్యంతరం రాసివ్వొచ్చు, ఆ గడువు దాటనివ్వకండి. ఆ హక్కుకి భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరే. వరి మళ్లీ వేసుకోవచ్చు గానీ ఆ మేర ఇల్లు, చెరువు, చెట్లు కుదరవు, కొబ్బరి మొక్కలు పెడదామనుకుంటే ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇంకోటి, బోదె ఎప్పుడు తెగ్గొడతారు, ఎప్పుడు పూడుస్తారు అన్నది సంతకంతో కాగితం మీద తీసుకోండి. దాళ్వా (రబీ) కోతలయ్యాక కాలువలు కట్టేసి ఉన్నప్పుడు చేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, అదే సార్వా (ఖరీఫ్) నాట్లప్పుడు తవ్వారంటే కింద చేలవాళ్లంతా మీ గుమ్మంలోనే కూర్చుంటారు.