హార్వే కుషింగ్ రచనల పాత ప్రతులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మెదడు శస్త్రచికిత్సకు పునాదులు వేసిన హార్వే కుషింగ్ రచనల పాత ప్రతులను శ్రీకాకుళంలో ఉంటూ సేకరించడం సాధ్యమేనా, ముందు ఏది కొనాలి అని మీరు అడిగారు. నేను ఈ ఊళ్లోనే సర్జన్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఇరవై ఏళ్లకు పైగా ఈ సేకరణలో ఉన్నాను. తప్పకుండా సాధ్యమే. అయితే మొదట సంపాదించవలసినది ఆయన రాసిన పుస్తకం కాదు, ఆయన రచనల పట్టిక. 1939లో ఆయన డెబ్బయ్యో పుట్టినరోజు సందర్భంగా హార్వే కుషింగ్ సొసైటీ తయారుచేసిన ఆ గ్రంథసూచి దగ్గర లేకపోతే, ఏది మొదట ఎక్కడ అచ్చయిందో తెలియక డబ్బూ కాలమూ వృథా అవుతాయి.

కుషింగ్ ఆలోచన అంచెలంచెలుగా ఎదిగిన తీరు పత్రికా వ్యాసాల్లోనే కనబడుతుంది. మెదడును కప్పే పొరల్లో పుట్టే గడ్డలకు 'మెనింజియోమా' అన్న పేరు ఆయన 1922లో 'బ్రెయిన్' పత్రికలో రాసిన వ్యాసంతో స్థిరపడింది. అదే విషయం మీద లూయీస్ ఐజెన్‌హార్ట్‌తో కలిసి రాసిన పెద్ద గ్రంథం 1938లో గాని రాలేదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మీద ఆయన 1912లో వెలువరించిన పుస్తకంలో, వ్యాధి మూలం తేలకుండా మిగిలిన ఒక యువతి కేసు ఉంది. 1932లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి బులెటిన్‌లో బేసోఫిల్ అడినోమాల (ఆ గ్రంథిలో ఏర్పడే ఒక రకం గడ్డల) మీద రాసిన వ్యాసంలో ఆమె మళ్లీ కనిపిస్తుంది. మనం నేడు కుషింగ్స్ డిసీజ్ అంటున్నది ఆ వ్యాసంలో వివరించిన జబ్బునే. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాక, ఒక రోగిని ఇరవై ఏళ్లపాటు మరచిపోకుండా ఉండడం ఎంతటి పనో నాకు అర్థమైంది.

మన ఊరివారికి ఈ పద్ధతి కొత్తది కాదు. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో ఇక్కడ స్థాపించిన కథల గ్రంథాలయం కథానిలయం, సంపుటాలతో తృప్తిపడక, కథలు మొదట వెలువడిన పత్రికలను సైతం వెతికి భద్రపరిచింది. మీరు ఒక్కసారి అక్కడికి వెళ్లి ఆ పాత పత్రికల వరుసలు చూసి రండి.

వైద్య పత్రికలు ఒక్క వ్యాసాన్ని విడిగా కుట్టి రచయితకు ఇచ్చే ప్రతులను మన డాక్టర్లు 'రీప్రింట్లు' అంటారు. పాత పుస్తకాల వ్యాపారులు తర్వాతి కాలపు పునర్ముద్రణలకూ అదే మాట వాడతారు కనుక, బేరమాడేటప్పుడు దేని గురించి అంటున్నారో తేల్చుకోండి. మెనింజియోమాల గ్రంథం తొలి ముద్రణ ఉందని వేరే రాష్ట్రపు వ్యాపారి ఒకరు చెబితే నమ్మి, నెల పెన్షన్‌లో సగానికి పైగా పంపాను. పార్సిల్ విప్పితే రెండు సంపుటాలు వచ్చాయి. తొలి ముద్రణ ఒకే లావుపాటి సంపుటం, ప్రచురణకర్త చార్లెస్ సి. థామస్, నాకు వచ్చినవి 1962 నాటి హాఫ్నర్ సంస్థ పునర్ముద్రణ. చదువుకోవడానికి అవి చక్కగా పనికొస్తున్నా, నేను కట్టిన ధర మాత్రం వాటిది కాదు. డబ్బు పంపకముందే ముఖపత్రానికీ దాని వెనక పుటకూ ఫోటోలు అడగండి. ఇవ్వనివారి దగ్గర కొనవద్దు.

విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల 1923 నాటిది. అక్కడ చదివి మన రెండు జిల్లాల్లో ప్రాక్టీసు పెట్టిన పాత తరం వైద్యుల ఇళ్లలో విచారించండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కుషింగ్ దినచర్య, 1936 నాటి ప్రతి, నాకు విజయనగరంలో అలాంటి ఒక ఇంటి అల్మారాలో దొరికింది. ఆ ఇంటివారు డబ్బు తీసుకోలేదు.

ఇక తేమ విషయం. బొమ్మల కోసం వాడిన నున్నని ఆర్టు కాగితం తడిసి ఆరితే పుటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ తర్వాత విడదీయబోతే బొమ్మ ఊడివస్తుంది. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ పక్కన పెట్టిన పుస్తకం ఒకటి నాకు అలాగే పోయింది. తడిసిన వెంటనే, ఇంకా చెమ్మగా ఉండగానే, పుట పుటకూ మధ్య మైనపు కాగితం పెట్టి నీడన ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. అల్మారాను గోడకు జానెడు దూరంలో ఉంచండి.

కుషింగ్ 1939లో మరణించారు. రచయిత మరణించిన అరవై ఏళ్లకు మన దేశంలో కాపీరైటు ముగుస్తుంది కనుక, ఆయన ఒక్కరే రాసిన 1932 నాటి వ్యాసానికి ఫోటోకాపీ తీసి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. గ్రంథసూచి సంపాదించాక ఇక్కడే తెలియజేయండి.