పెదవి మీది పొక్కులూ, పక్కటెముకల మీది అక్కీ ఒకటేనా?

మిర్యాలగూడ సభ్యులకు నమస్కారం. జ్వరం వచ్చినప్పుడల్లా మీ పెదవి అంచున లేచే పొక్కులే, మొన్న రాత్రి మీ నాన్నగారి కుడి పక్కటెముకల వెంట అక్కిగా లేచాయా, మీ నుంచే ఆయనకు అంటిందా అని అడిగారు. అంటలేదు. రెండూ హెర్పిస్ కుటుంబానివే గానీ వైరస్‌లు వేరు.

మీది హెర్పిస్ సింప్లెక్స్. అది ముఖపు నరాల మూలంలో దాగి ఉండి, జ్వరమో ఎండదెబ్బో తగిలినప్పుడు దాదాపు అదే చోట చిమచిమతో మొదలై, చెక్కు కట్టి, వారం పది రోజుల్లో సాధారణంగా మందు లేకుండానే మానుతుంది. నాన్నగారిది ఒకప్పుడు ఆయనకు వచ్చిన ఆటలమ్మ వైరస్సే. వెన్ను దగ్గరి నరంలో ఏళ్ల తరబడి అణగి ఉండి ఇప్పుడు లేచింది. అందుకే ఆ నరం వెంట ఒంటికి ఒక పక్కనే పట్టీలా కనిపిస్తుంది, చొక్కా తగిలినా ఓర్చుకోలేని మంట పుడుతుంది. పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి మిగిలే ప్రమాదం ఉంది కనుక ఇక్కడ ఆలస్యం పనికిరాదు.

కుమ్మరి చేత జాజుతో సింహం బొమ్మ రాయించామన్నారు. చల్లగా అనిపించవచ్చు గానీ అది వైరస్‌ను ఆపదు, పైగా పగిలిన పొక్కుల్లో మట్టి చేరితే చీము పట్టవచ్చు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్‌ను అణచే మందు, ఎసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్, మొదలుపెడితే ఎక్కువ మేలు కాబట్టి ఈరోజే డాక్టరుకు చూపించండి; కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు మారుతుంది, మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. నుదుటి మీదనో ముక్కు కొననో లేస్తే కంటి డాక్టరు కూడా వెంటనే చూడాలి. చెక్కులు కట్టేదాకా ఆటలమ్మ రాని గర్భిణులనూ పసిపిల్లలనూ ఆయనకు దూరంగా ఉంచండి.